చేపల పులుసులో తిర్ఫల్ కాయ

మొన్న ఆదివారం భోజనానికొచ్చిన పాస్టరు గారి నోరు నేనే మూయించానండి! తిట్టి కాదు, చేపల పులుసు పెట్టి.

నందిగామలో మా పెరట్లో ఒక చెట్టుంది. గోవాలో ఉద్యోగం చేసే మా బావమరిది అక్కడి అడవుల మొక్కంటూ తెచ్చిచ్చాడు. వాళ్ళు తిర్ఫల్ అంటారట. అబ్బ, దాన్ని చూస్తే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తది! మొదలు నుంచి కొమ్మల దాకా ముళ్ళే. కాకి కూడా ఆలోచించుకుని వాలుద్ది. ఎండాకాలం ఊరంతా మాడిపోతుంటే ఇది మాత్రం పచ్చగా నిలబడుద్ది. రోజూ పొద్దున్నే వెళ్ళి అట్లా నోరెళ్ళబెట్టి చూస్తా.

మా ఆవిడకి మాత్రం అదంటే మంట. చీరలన్నీ చింపిందట.

"రేపు గొడ్డలి తెప్పిస్తున్నా" అంది.

"ఆగవే! ఈసారి కాయలు కాసింది. చేపల్లో వేస్తే అమృతమంట. పాస్టరు గారు బాగుందంటే చెట్టు ఉంచాలి."

"అనకపోతే?"

"కొట్టించెయ్."

చెవిటికల్లు నుంచి కృష్ణా నది చేప తెప్పించా. బావమరిదికి ఫోన్ చేస్తే "నాలుగు కాయలు చాలు బావా, గింజలు తీసేసి వెయ్యి" అన్నాడు. నాలుగా! మిరప తోటల్లో పుట్టి పెరిగినోళ్ళం, మనకి నాలుగేంటి? గుప్పెడు తీసుకుని గింజలతో సహా నూరి కలిపేశా. నిమ్మతొక్క నలిపినట్టు వీధి చివరిదాకా వాసన!

పాస్టరు గారు ప్రార్థన చేసి మొదటి ముద్ద తిన్నారు. "ఆహా!" అన్నారు. రెండో ముద్దకి ఆగి పెదాలు తడుముకున్నారు. పక్కనే కూర్చున్న పాస్టరమ్మ గారు మంచినీళ్ళు తాగబోతే గడ్డం మీదుగా కారిపోయాయి. నేనూ తిన్నా. నాలిక నోట్లో ఉందో లేదో తెలిస్తే ఒట్టు! కారం కాదు, చేదు కాదు, జివ్వుమని కరెంటు పాకినట్టుంది. ఇంత చిన్న కాయలో దేవుడు ఇంత పెట్టాడా అని బిత్తరపోయా.

"పులుసు ఎట్లా ఉందండీ?" మా ఆవిడ అడిగింది.

"బా... బా..." అన్నారు పాస్టరు గారు. మిగతా మాట రాలేదు. 'బాగుందంటున్నారే' అని నేను చెప్పబోతే నాకూ "బాబాబా" అనే వచ్చింది. అయిపోయింది, నా చెట్టు పోయింది అనుకున్నా.

సాయంత్రానికి అందరి నాలికలూ దారికొచ్చాయి. పాస్టరు గారు నవ్వుకుంటానే వెళ్ళారు. తెల్లారి దిగులుగా చెట్టు దగ్గర నిలబడితే, మా ఆవిడ గొడ్డలి తెచ్చినాయన్ని గుమ్మంలోంచే పంపించేసింది!

"అదేంటే?" అన్నా.

"పెళ్ళయిన కాణ్ణించీ మీ గొంతు వినపడని మధ్యాహ్నం నిన్నొక్కటే. ప్రాణం ఎంత హాయిగా ఉందో! ఆ కాయలన్నీ కోసి ఎండబెట్టండి, ఏడాదంతా కావాలి."