ఉజ్జోగ కూటాలు

కరపత్రం మీద "ఉజ్జీవ కూటములు" అని పెద్దక్షరాల్లో వేయించింది నేనే. బోధన్‌లో ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, మా చర్చి సంఘానికి సెక్రటరీని. "మేలుకొలుపు సభలు అందాం సారూ, జనానికి తొందరగ తెలుస్తది" అన్నారు అయ్యగారు. అయ్యగారంటే మా పాస్టరు. నేను వినలేదు. ఉజ్జీవం అంటే ఎండినదానికి మళ్లీ ప్రాణం రావడం, అంత బరువైన మాట ఇంకొకటి లేదని వాదించి గెలిచాను. మాటల దగ్గర నేను ఎవరికీ లొంగను. "సూడు" అన్న పిల్లల చేత "చూడు" అనిపించేదాకా వదిలిపెట్టని మనిషిని.

అసలు ఎండిపోయింది నేనే. నాలుగేళ్ల కింద నా భార్య పోయిన నాటి నుంచి నేను ప్రార్థన చేయలేదు. చర్చికి పోతాను, కుర్చీలు వేయిస్తాను, మైకు సరిచూస్తాను. అందరూ తలలు వంచినప్పుడు నేనూ వంచుతాను. లోపల ఒక్క మాట పెగలదు. ఈ సంగతి ఎవరికీ తెలియదనే అనుకున్నాను.

కూటాలకు మూడు రోజుల ముందు నుంచీ ఆటోకు మైకు కట్టి ఊరంతా తిప్పాం. ఆ మైకుది ముందే బొంగురు గొంతు. పైగా ఆటో గుంతలో పడి లేచినప్పుడల్లా సగం మాట మింగేది. మొదటి సాయంత్రం నిజామాబాద్ నుంచి వచ్చిన ప్రసంగీకులు గంటన్నర ఉరిమారు. చివర్లో "ఉజ్జీవం కావాల్సినవాళ్లు ముందుకు రండి" అని పిలిస్తే ఒక్కరూ కదల్లేదు. కాసేపటికి వెనక వరుసలోంచి ఒక ముసలామె లేచింది. డెబ్బై దాటి ఉంటాయి. నేరుగా వేదిక దగ్గరికి వచ్చి, చంకలోని ప్లాస్టిక్ సంచిలోంచి ఆధార్ కార్డు తీసి అయ్యగారి చేతిలో పెట్టింది.

"ఉజ్జోగం ఇస్తమని మైకుల చెప్పిండ్రు గద బిడ్డా. ఏం పని? ఏ టైముకు రావాలె?"

మా దిక్కు మామూలు పనిని నౌకరి అంటారు. ఉజ్జోగమంటే గౌరవమైన పని. నా బరువైన మాట ఆమె చెవికి అట్లా చేరింది. పందిరంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను, అదీ కొంచెం గట్టిగానే.

ఆమె మా చర్చికి కొత్త మనిషి కాదు. చిన్నప్పుడే బాప్తిస్మం తీసుకుని, పెండ్లయ్యాక బీడీల చాట ఒళ్లో పెట్టుకుని ఆదివారాలు మరిచిపోయింది. భర్త చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆయన పోయాడు, తర్వాత ఫ్యాక్టరీ కూడా మూతపడింది. కొడుకూ కోడలూ బాగానే చూసుకుంటారు, పింఛన్ వస్తుంది, తిండికి కొదవ లేదు. కానీ ఈమధ్య వేళ్లు వణికి, చుట్టిన బీడీల్లో సగం వంకర పోతున్నాయి. బీడీ కార్ఖానాలో పనికిరాని బీడీలను ఛాట్ అని పక్కకు తీసి పడేస్తారు. ఛాట్ ఎక్కువైందని ఆమెకు ఆకు ఇవ్వడమే మానేశారు.

"కూసుండి తినబుద్ధి అయితలేదు బిడ్డా" అంది అయ్యగారితో. "పని లేని మనిషిని ఇంట్ల పిల్లి గూడ దేకదు."

అయ్యగారు మంచివారు. నవ్వులు ఆపడానికి నోటికొచ్చింది అనేశారు. "ఉందవ్వా, దేవుని దగ్గర ఉజ్జోగం ఉంది. పొద్దుగాల అయిదింటికి వచ్చి చర్చి ఊడ్చి, మన వాడకట్టు కోసం ప్రార్థన చెయ్యి. జీతం ఆయననే ఇస్తడు."

జనం మళ్లీ నవ్వారు. ఆమె నవ్వలేదు. కార్డు సంచిలో పెట్టుకుని, "అయిదా? మంచిది" అని వెళ్లిపోయింది.

మర్నాడు తెల్లారకముందే నా ఫోను మోగింది. ఆ ముసలామె కోడలి చేత చేయించింది. "సారూ, తాళంచెవి నీ దగ్గరనే ఉంటదట. నేను డ్యూటీకి వచ్చిన."

చలికాలం. స్వెట్టర్ మీద శాలువా కప్పుకుని, అయ్యగారి నోటిదూలను తిట్టుకుంటూ స్కూటర్ తీశాను. తలుపు తెరిచి బయటే స్కూటర్ మీద కూర్చున్నాను. మూడు రోజుల కూటాలు అయిపోయాయి, పందిరి విప్పేశారు. ఆమె డ్యూటీ మాత్రం ఆగలేదు. ఇంత పొద్దున్నే ఎట్లా లేస్తావని ఒకరోజు విసుగ్గా అడిగాను.

"ఫ్యాక్టరీ సైరన్‌కు లేసి ఆయనకు రొట్టెలు సేసి పంపిన. సైరన్ బందైంది గని, కండ్లు బందైతయా సారూ?"

మూడో వారానికి ఇద్దరు బీడీల ఆడవాళ్లు ఆమె వెనకే వచ్చారు. మెట్ల మీద చాటలు పెట్టి లోపలికి పోయి కూర్చున్నారు. తర్వాత మొగుడు దుబాయ్‌లో ఉన్న పిల్ల వచ్చింది. ఈస్టర్‌కు ముందు ఉపవాసాల శ్రమల దినాలు వచ్చేసరికి అయిదున్నరకల్లా పన్నెండు మంది చేరుతున్నారు. అయ్యగారు కూడా సిగ్గుపడుతూ రావడం మొదలుపెట్టారు. మూడు రోజులు ఉరిమితే రాని వాన చీపురు చప్పుడుకు వచ్చింది. నాకు ఆశ్చర్యమే. ఒప్పుకోవడానికి మాత్రం మనసు రాలేదు.

సంఘ పెద్దలకు వేరే బెంగ పట్టుకుంది. "ముసలామె నిజంగనే ఉజ్జోగం అనుకుంటున్నది. మనం ఆమెతోటి ఆటలాడినట్టు అయితది. సారూ, మాటల మనిషివి, నువ్వే చెప్పు" అని నా నెత్తిన పెట్టారు. చెబితే ఆమె మళ్లీ పని లేని మనిషి అవుతుంది. చెప్పకపోతే మేం మోసగాళ్లం. ఆ ఉజ్జోగాన్ని ఊడబీకే పని నాకు పడింది.

ఆ పొద్దున మొదటిసారి ఆమె వెనకే లోపలికి పోయి చివరి బెంచీలో కూర్చున్నాను. ఇంకా ఎవరూ రాలేదు. ఊడ్చి, గోడకు ఆనుకుని కూర్చుని మొదలుపెట్టింది. చదువు రాదు కాబట్టి వాడకట్టును ఇల్లిల్లుగా, వరుసగా చెప్పుకుంటూ పోయింది.

"సైకిల్ షాపు భాయ్ ఇల్లు. ఆయన నడుము నొప్పి సూడు దేవా. దుబాయ్ పిల్ల ఇల్లు. ఫోనన్న సెయ్యమను దేవా ఆ పిలగాన్ని. పసుపు ఉడకబెట్టేటోళ్ల ఇల్లు. అన్నదమ్ములు మాట్లాడుకునేటట్టు సెయ్యి."

ఒక్కో ఇంటికి ఆమె బొటనవేలు చూపుడువేలి మీద దొర్లేది. ఆకు లేదు, తంబాకు లేదు, చేయి మాత్రం చుడుతోంది. అట్లా వాడ మొత్తం తిరిగి వచ్చింది.

"ఇగ బయట స్కూటర్ మీద కూసునే సారు ఇల్లు. ఆయమ్మ పోయినప్పటి సంది సారు నోరు మూతబడ్డది దేవా. దినాం మా కోసం తాళం తీస్తుండు. ఆయన తాళం నువ్వు తియ్యి."

నాకు సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది. నాలుగేళ్లుగా ఎవరికీ తెలియదనుకున్నది ఈమె రోజూ దేవుడికి చెబుతోంది. వచ్చిన పని గుర్తొచ్చి, దగ్గరికి పోయి చెప్పేశాను.

"అవ్వా, ఆ రోజు అయ్యగారు ఊరికెనే అన్నరు. ఇది ఉజ్జోగం కాదు."

"ఎరుకే సారూ" అంది తాపీగా. "రెండోనాడే కోడలు సెప్పింది."

"మరి ఎందుకు వస్తున్నవు?"

"బీడీలు ఛాట్ తీసి తీసి నన్నే తీసి పడేసిండ్రు. ఈడ ఇన్నొద్దుల సంది ఇండ్లు సెప్తున్న. దేవుడు ఒక్కటన్న ఛాట్ తీసిండా?" చీపురు నేల మీద తట్టి సరిచేసుకుంది. "ఇది ఉజ్జోగం గాకపోతే మరేందో నువ్వే సెప్పు. తెలుగు సారువు గద."

 లేస్తూ మళ్లీ అంది, "రేపు కోటగిరికి పోతున్న, బిడ్డ ఇంటికి. రెండొద్దులు నా డ్యూటీ నువ్వు సెయ్యి."

మర్నాడు అయిదింటికి నేనే ఊడ్చాను. సరిగా రాలేదు, దుమ్మంతా ఒక మూలకు తోశాను. ఆమె కూర్చునే చోట కూర్చుని, సైకిల్ షాపు ఇల్లు అని మొదలుపెట్టాను. అది ప్రార్థన కాదు, పిల్లాడు పాఠం అప్పజెప్పడం. వరుస తప్పకూడదని కళ్లు మూసుకుని వాడలో మనసుతోనే నడిచాను. సైకిల్ షాపు దాటాను. దుబాయ్ పిల్ల ఇంటికి పోబోతూ ఆగిపోయాను. ఆ రెంటి మధ్యన ఒక రేకుల ఇల్లుంది. నిన్న ఆమె దాన్ని చెప్పలేదు.

అది ఆమె ఇల్లే. ఇన్ని నెలలుగా వాడలో ప్రతి గడపా ఎక్కి దిగింది, తన గడప మాత్రం రోజూ ఇట్లాగే దాటేసి పోయి ఉంటుంది.

"దేవా" అన్నాను. నాలుగేళ్ల తర్వాత ఆ మాట నా గొంతు దాటింది. "రేకుల ఇంటి అవ్వ. ఆమె వేళ్లు వణుకుతున్నయి. సూడు దేవా."