తువ్వాల వేసి బస్సెక్కని మనిషి

2022, శివరాత్రికి వారం ముందు. మార్కాపురంలో నాకో చిన్న కంప్యూటర్ దుకాణం ఉంది. పైకి ప్రింట్లు, ఆన్‌లైన్ దరఖాస్తులు. నేను గొప్పగా చెప్పుకునే పని మాత్రం వెబ్‌సైట్లు తయారుచేయడం. అంతకు ముందు ఏడాది పెద్దదోర్నాలలో సుబ్బరాయుడుగారి లాడ్జికి గదుల బుకింగ్ సైటు చేసిపెట్టాను. రాత్రిపూట అడవి చెక్‌పోస్టు మూసేస్తారు కాబట్టి శ్రీశైలం పోయే జనం దోర్నాలలో ఆగక తప్పదు. ఆయనకున్నవి పన్నెండు గదులు. పండగ రోజుల్లో అవి ఒక్క పూట కూడా ఖాళీగా ఉండవు.

ఆ సైటులో ఒక తమాషా ఏర్పాటు ఉండేది. అది సుబ్బరాయుడుగారి బుర్రలోంచే వచ్చింది. "మన బస్సుల్లో ఎట్ల చేస్తారు? కిటికీలోంచి తువ్వాల పడేస్తే సీటు మనదే గదా. గదికి గూడా అట్లనే పెట్టు బాషా. పేరూ నంబరూ తర్వాత అడుగుదాం" అన్నాడు. నాకు తెగ నచ్చేసింది. ప్రతి గది పక్కన 'తువ్వాల వేయండి' అని ఒక లింకు పెట్టాను. నొక్కితే అరగంటసేపు ఆ గది మీది. ఆలోపు పేరు రాసి ఖాయం చేసుకోవాలి. ఒక మనిషికి ఒకటే తువ్వాల.

ఆ మనిషి ఎవరో సైటును నడిపే సర్వర్‌కు ఎలా తెలుస్తుందంటే, మొదటిసారి వచ్చినప్పుడు అది ఆయన కోసం ఒక సెషన్, అంటే ఆ రాకకు ఒక ఖాతా లాంటిది, తెరుస్తుంది. ఆ సెషన్ నంబరును కుకీ అనే చిన్న చీటీలో రాసి బ్రౌజర్‌కు ఇస్తుంది. తర్వాత ఏ పేజీకి వెళ్లినా బ్రౌజర్ ఆ చీటీ చూపిస్తుంది. చీటీ ఉంటే తెలిసిన మనిషి, లేకపోతే కొత్త మనిషి. అంతకు మించి నా ప్రోగ్రామూ ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు.

ఆ ఉదయం సుబ్బరాయుడుగారు ఫోన్ చేశాడు. "మూడు దినాల నుంచి అన్ని గదుల మీదా తువ్వాలలే బాషా. రూతేమో ఖాళీ లేవని జనాన్ని పంపించేస్తాంది. పైకి పోయి చూస్తే గదుల్లో నరపురుగు లేదు. ఎదురు లాడ్జి కిటకిటలాడతాంది. ఏంది కథ?"

రూతు ఆ లాడ్జి రిసెప్షన్‌లో పనిచేసే అమ్మాయి. త్రిపురాంతకం దగ్గర పల్లె. వాళ్ల నాయన యేసోబు మిరపచేలల్లో కూలికి పోతాడు. ఇంట్లో డిగ్రీ చదివింది ఈ అమ్మాయి ఒక్కతే. సైటు వాడకం నేనే నేర్పాను, ఒక్కసారి చెబితే పట్టేసింది.

టీ తాగుతూనే సెషన్ల పట్టిక తెరిచాను. ఒక్కో తువ్వాల ఒక్కో సెషన్ నుంచి పడింది. అంటే అందరూ వేరువేరు మనుషులే, నా ప్రోగ్రాం చక్కగా పనిచేస్తోంది. "సైటు బాగానే ఉంది సార్. సాఫ్ట్‌వేర్ దానంతటది తువ్వాల వెయ్యదు. మీ మనుషులెవురో కావాలని చేయిస్తా ఉన్నారు" అన్నాను. టీ చల్లారేలోపే తీర్పు చెప్పేశాను.

గంట తర్వాత మళ్లీ ఫోన్. "ఆ పిల్ల ఎదురు లాడ్జోళ్లతో కలిసింది. వాళ్ల నాయనను రమ్మన్నా. ఆయన ముందరనే తేల్చి స్టేషన్లో అప్పజెప్తా. నువ్వొచ్చి కంప్యూటర్లోంచి సాక్ష్యం తీసియ్యి."

స్టేషన్ మెట్లెక్కిన ఆడపిల్లను మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా ఏ దుకాణంవాడు పనిలో పెట్టుకుంటాడు? బైకు మీద దోర్నాల దాకా నన్ను నేనే తిట్టుకుంటూ పోయాను.

వెళ్లేసరికి రూతు కౌంటర్ వెనక నిలబడి ఉంది. ఏడవడం లేదు, ముఖం మాత్రం పాలిపోయింది. "బాషాన్నా, నేను ముట్టుకోలేదు. కావాలంటే బయట నిలబడతా, మీరే చూడండి" అంది. తన ఫోన్ కౌంటర్ మీద పెట్టి, వెళ్లి ఎండలో చేతులు కట్టుకుని నిలబడింది. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూస్తున్నారు.

నేను తువ్వాలలన్నీ తీసేశాను. రెండు నిమిషాలకు నాలుగో గది మీద పడింది. తర్వాత తొమ్మిది, ఒకటి, పదకొండు. పావుగంటలో పన్నెండూ నిండిపోయాయి.

"సూస్తివా? బయట ఎవురికో నేర్పిచ్చింది" అన్నాడు సుబ్బరాయుడుగారు.

రూతు గడప దగ్గరకొచ్చి నన్నే అడిగింది. "తువ్వాల వేసినోడు బస్సెక్కకుండా పోతాడా అన్నా? మూడు దినాల నుంచి ఒక్కడు గూడా ఎక్కలేదు."

ఆ మాటతో నాకు చురుక్కుమంది. మళ్లీ పట్టిక చూశాను. అన్ని సెషన్లలో ఒక్కటి కూడా పేరు రాసే పేజీకి పోలేదు. ఒక్కటి కూడా తన చీటీతో తిరిగి రాలేదు. మనిషన్నవాడు కనీసం వెనక్కైనా వెళ్లి ఇంకో గది చూస్తాడు. ఇంతమందిలో ఒక్కరికైనా ఆ బుద్ధి పుట్టలేదంటే వాళ్లు మనుషులు కారు.

అప్పుడు తెరిచాను, పొద్దున్నే తెరవాల్సిన లాగ్ ఫైల్‌ను. సర్వర్ దగ్గరకు ఎవరొచ్చినా అందులో ఒక వరుస పడుతుంది, వరుస చివర వచ్చినవాడు తానెవరో చెప్పుకుంటాడు. ప్రతి తువ్వాల పక్కనా ఒకటే పేరు. ఒక సెర్చ్ ఇంజిన్ పంపిన క్రాలర్. లింకు మీద లింకు నొక్కుతూ పేజీలు చదివి పోయే యంత్రం అది. కుకీ ఇస్తే దాచుకోదు, అందుకే వచ్చిన ప్రతిసారీ నా సర్వర్‌కు కొత్త మనిషే. ఒకరికి ఒకటే తువ్వాల అన్న నా నియమం దానికి అడ్డే రాలేదు. పైగా బ్రౌజర్ పాత పేజీ చూపకూడదని ప్రతి లింకు చివరా అప్పటి సమయం అంటించాను. దాంతో అవే పన్నెండు లింకులు దానికి ఎప్పటికప్పుడు కొత్తగా కనిపించాయి.

దాన్ని పిలిచింది కూడా నేనే. పండగకు జనం కంట్లో పడాలని, ఆ వారమే సైటు చిరునామా ఆ సెర్చ్ ఇంజిన్‌కు ఇచ్చాను.

"పేరు ఎవురైనా పెట్టుకోవచ్చు గదా" అన్నాడు సుబ్బరాయుడుగారు. నిజమే, పెట్టుకోవచ్చు. అందుకని ఆ రాకలు ఏ నెట్‌వర్క్ చిరునామా నుంచి వచ్చాయో, ఆ చిరునామా ఎవరిదో తిరగేసి చూశాను. అదీ ఆ కంపెనీదే. ఇక లింకులు పీకేసి, పేరూ ఫోన్ నంబరూ రాస్తేనే గది పట్టేలా ఫారం పెట్టాను. క్రాలర్లు లింకులు నొక్కుతాయి కానీ ఇలాంటి ఫారాలు మామూలుగా నింపవు. యేసోబు బస్సు దిగి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. ఎవరూ కూర్చోమనలేదు.

గదులన్నీ ఖాళీ చేసి చూస్తూ కూర్చున్నాం. పది నిమిషాలు. ఇరవై నిమిషాలు. ఒక్కటీ నిండలేదు. తర్వాత ఏడో గది మీద పామూరు నుంచి వస్తున్న ఒక కుటుంబం పేరు పడింది. రూతు అలవాటుగా వాళ్లకు ఫోన్ చేసి, ఎంతమంది వస్తున్నారో అడిగింది.

"సరే, ఐపోయిందిలే. కూసో అమ్మా" అన్నాడు సుబ్బరాయుడుగారు తేలిగ్గా.

రూతు కూర్చోలేదు. "మా నాయనను పిలిపిచ్చి దొంగ అన్నారు. కాదని గూడా నాయనకే చెప్పండి."

ఆయన గుమ్మం వైపు తిరిగి, "మీ పిల్ల తప్పు లేదు యేసోబూ" అన్నాడు. యేసోబు తలూపి, నెమ్మదిగా అడిగాడు. "మరి మీ మనుషులెవురో చేయిస్తా ఉన్నారని ఫోన్లో అంటిరి గదా, ఆ మాట ముందు చెప్పింది ఎవురయ్యా?"

సుబ్బరాయుడుగారు నా వైపు చూడలేదు, అది ఆయన మంచితనం. నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది.

"నేనే పెద్దాయనా. చూడకుండానే చెప్పినా. తప్పు నాది" అన్నాను.

రూతు అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుంది. "నాకు పొద్దున్నే తెలుసు బాషాన్నా. మీరు మాట్లాడేటప్పుడు సారు స్పీకర్ పెట్టినాడు. మీరే చెప్తారా లేదా అని చూస్తా ఉన్నా."

ఆ మాట విన్నాకనే నాకు ఎండలో నిలబడిన రూతు మళ్లీ కనిపించింది. మనుషులే చేయిస్తున్నారని అన్నవాడి చేతిలోనే తన పరువు పెట్టి నిలబడింది ఆ పిల్ల. ఇప్పటికీ ఎవరైనా ఫోన్ చేసి సైటు పాడైందంటే, లాగ్ ఫైల్ మొత్తం చదివేదాకా నేను మనిషి పేరెత్తను.