ఎనిమిదుల జత

నాకు ముక్కు మీదనే కోపం. పేకముక్కల మీద సుత కోపమొస్తది. అందుకే పదకొండేండ్లు ఓడిపోయిన.

మాది పాల్వంచ. కరెంటు తయారుచేసే కంపెనీల, నీళ్లు పరీక్ష చేసే ల్యాబ్‌ల నా నౌకరి. షిఫ్టుకు ఐదుగురం. శ్రీరామనవమి నాడు భద్రాచలంల కల్యాణానికి ఐదుగురికీ పోవాలనే ఉంటది, లీవు మాత్రం ఒక్కరికే. అది ఎవరిదనేది మా దగ్గర పేకాటతోనే తేలుతది. పైసల ముచ్చటే లేదు, మనిషికి నలభై చింతగింజలు. నవమికి ముందటి వారం, పొద్దటి షిఫ్టు దిగినంక, మా షిఫ్టుల కుసుమంచి అన్న క్వార్టర్ వరండాల చాప పరుస్తం. ఆఖరికి గింజలన్నీ ఎవరి ముందుంటే వాళ్లదే లీవు.

ఆ లీవు నాకెందుకంటే, ఏటా చలికాలంల నేను వడ్లు తెచ్చుకొని ఒక్కో గింజ గోటితో వలుస్త. కల్యాణం తలంబ్రాలకు రోకలి తగలని బియ్యం కావాలె. విరిగిన గింజ పనికిరాదు. కిలో వలిచేసరికి గోర్లు అరిగిపోతయి. బియ్యమేమో గుడికి పోతయి, నేనేమో డ్యూటీకి పోత. గంట దూరంల ఉండి, అవి సీతారాముల తలల మీద పడంగ ఒక్కసారి సుత చూడలే. ఎక్కువసార్లు గెలిచేది మా ఇంచార్జి, మధిర సారు. తిరిగొచ్చి తలంబ్రాల పొట్లం నా చేతిల పెట్టి, "నువ్వొలిచినవే గదమ్మా, తీసుకో" అనేటోడు. మంచి మనిషే. అయినా నాకు కడుపు మండేది.

మేమాడేది పోకర్. మనిషికి రెండు ముక్కలు పంచుతరు. నడుమ అందరికీ కలిపి ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖరుకు ఇంకోటి తెరుస్తరు. చేతివి, నడుమవి కలిపి ఎవరికి మంచి ఐదు కుదిరితే వాళ్లు గెలిచినట్టు. మేమంతా చిన్నప్పటి నుంచి మూడుముక్కలాట ఆడినోళ్లం. ఆ ఆటల జత పడిందంటే పండుగే, షో దాక వదలం. ఆ అలవాటే నా కొంప ముంచింది. ఏడుల జత వచ్చినా, తొమ్మిదుల జత వచ్చినా, నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నిరుడు సారు గింజలు పెంచుతుంటే, తొమ్మిదులు చేతబట్టుకొని మంకుపట్టున ఉన్నయన్నీ నెట్టిన. సారు రాణుల జత చూపిండు. ఇంటికొచ్చి "ముక్కలే మంచిగ పడలే" అంటే, మా ఆయన "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది" అని నవ్విండు. ఆ పూట నేను కూర వండలే.

ఈ చలికాలం వడ్లు వలుసుకుంట పక్కన పేకకట్ట పెట్టుకున్న. ఎనిమిదుల జత నా ముందు పెట్టుకునుడు, నడుమ మూడు ముక్కలు తెరుసుడు, మూడో ఎనిమిది వచ్చిందా లేదా చూసుడు. ఎనిమిదిసార్లకు ఒక్కసారి వస్తే గొప్ప. మిగిలినప్పుడల్లా నా జత కంటే పెద్ద ముక్క ఏదో ఒకటి నడుమ కూసుంటది. ఇన్నేండ్లు ఆడింది ఆటనా? ఉత్త దింపుడు కళ్లం ఆశ! ఇంకోటి సుత సమజైంది. ఐదుగురి నడుమ ఎనిమిదులు చిన్నయి, ఇద్దరే మిగిలితే అవే పెద్దయి.

ఆట రోజు రెండో పంపకంలనే నాకు పదుల జత. నాకంటే ముందే సారు గింజలు పెంచిండు, ఆ మీద కుసుమంచి అన్న తనయన్నీ నెట్టిండు. నా చెయ్యి ఆ ముక్కలను వదలనంటుంది. అయినా, నడుమ ఒక్క ముక్క తెరవకముందే బోర్లేసిన.

"ఏంది చెల్లె, భయపడ్డవా?" అన్నడు అన్న.

"అవ్, భయపడ్డ" అన్న.

సారు సుత అన్నీ పెట్టిండు. అన్న చూపింది రాజుల జత, సారు చూపింది ఆసుల జత. గింజలు పోగొట్టుకొని అన్న చాయ్ పెట్టుడుకు లోపలికి పోయిండు. నేను నా పదులను తిప్పి చూపెట్టిన. జతను పారేసిందని అందరూ నోరెళ్లబెట్టిన్రు. నాకైతే అప్పుడే సగం గెలిచినట్టనిపించింది.

కాసేపటికి ఏడుల జత. సారు జరంతనే పెంచిండు, మిగిలిన ఇద్దరూ కలిపిన్రు. తక్కువల చూడొచ్చు గదాని నేనూ కలిపిన. మూడు తెరిస్తే ఆసు, నాలుగు, ఏడు! రాకపోతే పారేద్దామనే అనుకున్న, వచ్చింది. తన ఆసును నమ్ముకొని సారు పెంచుకుంట పోయిండు, సారు గింజల్ల సగానికి ఎక్కువ నా దిక్కు దొర్లినయి. ఇంకో గంటకు ఆ ఇద్దరూ లేచిపోయిన్రు. సారు, నేను మిగిలినం.

అప్పుడొచ్చినయి ఎనిమిదులు. ముందు మాట నాదే. ఇద్దరమే ఉన్నం, ఇంక ఆగేది లేదు. గింజలన్నీ రెండు చేతులతో నెట్టిన.

"ఏంటమ్మా, అన్నీనా?"

"అన్నీ సారూ."

సారు మెడ గోక్కున్నడు. ముక్కలు మళ్లొకసారి చూసుకొని, "సరే, కానీ" అని తనకున్నయన్నీ పెట్టి ముక్కలు తిప్పిండు. ఆసు, జాకీ. నడుమ వాటిల్ల ఒక్కటి పడ్డా నా పని ఖతం. చాయ్ ఇచ్చి ముక్కలు పంచుతున్న అన్న తెరిచిండు: రాజు, నాలుగు, రెండు. తర్వాత తొమ్మిది. ఆఖరుకు ఇంకో నాలుగు.

ఎనిమిదులు నిలిచినయి! నేనొక్క కేక పెడితే పక్క క్వార్టరామె ఏమైందోనని ఉరికొచ్చింది.

నవమి నాడు భద్రాచలంల ఎర్రటెండ. జనంల నిలబడి మెడ సాపి చూసిన. దోసిళ్ల నిండ తీసి పోసిన్రు, గులాల్ కలిపిన ఎర్రని బియ్యం జలజల రాలినయి. అండ్ల నావి ఏవో ఎవరికెరుక? అన్నీ నాయే అనిపించింది. ఏడ్సిన. సిగ్గేంది, వెక్కివెక్కి ఏడ్సిన.

తెల్లారి డ్యూటీకి పోయి, సారు టేబుల్ ముందు నిలబడి పొట్లం ముందుకు పెట్టిన. "నేనొలిచినవే సారూ, తీసుకోండి" అన్న.

ఇన్నేండ్లు నాకిచ్చిన మనిషి, కుర్చీలకెల్లి లేచి, చెప్పులు విడిచి రెండు చేతులూ పట్టిండు.