దమ్ము లాగమంటే

పెందుర్తిలో మా కాలనీ మలుపు దగ్గర కొత్తగా పెట్టిన ఫిజియోథెరపీ క్లినిక్‌కి ఎనిమిది రోజులపాటు తిరిగాను. బతుకంతా ఇదే పని చేసి రిటైరైనదాన్నే, అయినా నా వీపు నేను చూసుకోలేను కదా! బీరువా జరపబోతే రెక్క ఎముక పక్కన కలుక్కుమంది, అప్పటినుంచీ నిండా ఊపిరి పీలిస్తే అక్కడే పొడుస్తోంది, చర్చిలో పాట చరణం చివరిదాకా లాగలేక మధ్యలోనే నోరు మూసుకుంటున్నాను. క్లినిక్‌లో అమ్మాయి మంచిదే, నవ్వుతూ పలకరిస్తుంది, వీపుకి నాలుగు ప్యాడ్లు అంటించి, మిషన్ పెట్టి, పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోతుంది. అన్ని రోజుల్లో ఒక్కసారైనా నా పక్కటెముకల మీద చెయ్యి వెయ్యలేదు, ఊపిరి పీల్చమని అడగలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, పోర్టు దగ్గరి ఆసుపత్రిలో మాకున్నవి రెండు చెక్క బల్లలు, తరచూ మొరాయించే ఒక మిషను. నా పైన పనిచేసే ఆవిడను అక్కా అనే పిలిచేదాన్ని. వచ్చినవాళ్ళని వెనక్కి తిప్పి కూర్చోబెట్టి, రెండు అరచేతులూ పక్కటెముకల మీద పరిచి, బొటనవేళ్ళు రెండూ వెన్నుపూస దగ్గర కలిపి పెట్టి, ఊపిరి పీల్చమనేది. ఊపిరి నిండేకొద్దీ ఆ వేళ్ళు రెండూ దూరం జరగాలి, ఏ వేలు వెనకబడితే ఆ పక్కన పట్టేసినట్టు. ఎంత రద్దీగా ఉన్నా సరే, పీల్చినవాళ్ళ ఊపిరి నిండేదాకా ఆగి, “ఇంక వదులు నాన్నా” అనేది. ఆ మాట అనకుండా చేతులు తీసెయ్యడం నేనెన్నడూ చూడలేదు.

మా మేనమామ కొడుకు, నాకు బావ, సబ్బవరం నుంచి వచ్చి పోర్టులో కళాసీగా బస్తాలు మోసేవాడు. ఒకరోజు గుండె పట్టేసిందన్నాడు. మనవాళ్ళకి మెడ కింద నుంచి కడుపు దాకా అంతా గుండే కదా! పెద్ద డాక్టర్లు అన్ని పరీక్షలూ చేసి గుండెకేం లేదన్నారు గానీ, గుండె అన్న మాట చెవిన పడ్డ మేస్త్రీ మాత్రం బావని బస్తా ముట్టుకోనివ్వలేదు. పని పోతుందేమోనని మనిషి సగమైపోయి మా దగ్గరికొచ్చాడు. “నాను బస్తా ఎత్తగల్నా, నేదా? అదొక్కటీ సెప్పు” అన్నాడు.

కాలేజీ చదువు ఇంకా వదలని నేను, దీర్ఘంగా శ్వాస తీసుకోమన్నాను. బావ తెల్లమొహం వేశాడు. గుమ్మంలో ఉన్న ఆయా జాలిపడి, “దమ్ము లాగమంతన్నారు బాబూ” అని అరిచింది. బావ బుద్ధిగా తలూపి, లేచి బయటికి వెళ్ళాడు. ఎంతసేపటికీ రాడే! చివరికి గుప్పున బీడీ వాసనతో వచ్చి బల్ల మీద కూర్చుని, “లాగేసినాను, ఇప్పుడేటి సెయ్యాల?” అన్నాడు. అక్క కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది.

నవ్వు ఆగాక చేతులు పెట్టి చూస్తే ఎడమ వేలు కదల్లేదు. అక్క ఒక్కొక్క ఎముకనీ తడిమి, ఎక్కడా విరగలేదని రూఢి చేసుకుని, ఆ పూటే వైద్యం మొదలుపెట్టింది. మూడు వారాలు తిరిగాడు. మళ్ళీ బస్తా ఎత్తిన రోజు పనిదిగి తిన్నగా ఆసుపత్రికి వచ్చి, మా ఇద్దరి ముందూ నిలబడి, ఛాతీ ఉబ్బేలా ఊపిరి పీల్చి చూపించి వెళ్ళాడు.

ఆ చెక్క బల్లలు కావాలనడం లేదు, ఆ చేతులేమైపోయాయని నా బాధ.

నిన్న, తొమ్మిదో రోజు, ఇక ఉండబట్టలేక ఆ అమ్మాయి చేతులు నేనే పట్టుకుని నా వీపు మీద పెట్టించాను. “టైముండదాంటీ, ఒక్కొక్కరికీ పది నిమిషాలే” అంటూనే వేళ్ళు కలిపింది. ఊపిరి పీల్చాను. “అయ్యో, కుడి వేలు కదలట్లేదాంటీ” అంది, నిజంగా ఆశ్చర్యపోతూ. ఎనిమిది రోజుల కోపం సగం చల్లారిపోయింది. అంతలో పక్క మంచం దగ్గర మిషను కుయ్యిమంది, వస్తున్నా వస్తున్నానంటూ చేతులు తీసేసుకుని పరిగెత్తింది.

పీల్చిన ఊపిరి అలాగే బిగబట్టుకుని, వదలమనే మాట కోసం కాసేపు చూశాను. ఎవరూ అనలేదు. నా అంతట నేనే వదిలేశాను.