గోడ అవతలికి చేసిన ఫోను

ఒక మాట కొన్నేళ్ళుగా నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. అందులో సగం మా ఆయనకు తెలుసు. ఆ సగమే మా కాలనీలో కొందరికీ తెలుసు. మొత్తం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. ఎదురుగా కూర్చున్న మనిషితో చెప్పే ధైర్యమే ఉంటే, చెప్పాల్సినవాళ్ళకే ఈపాటికి చెప్పి ఉండేదాన్ని.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. కప్ప గుండె బొమ్మ కళ్ళు మూసుకుని వేస్తాను. నా గుండె సంగతి మాత్రం ఎవరూ అడగలేదు, నేనూ తీసి చూసుకోలేదు. స్వరూప అదే కాలేజీలో లైబ్రేరియన్‌గా ఉండేది. అది ఆమె అసలు పేరు కాదు. ఎల్బీనగర్‌లో ఒకే స్టాపులో బస్సెక్కి, ఒకే స్టాపులో దిగేవాళ్ళం. ఆ బస్సులోనే స్నేహం కుదిరింది. నన్ను అక్కా అని పిలుస్తుంది. ఇప్పటికీ అలాగే పిలుస్తుంది, అదే నా బాధ.

వాళ్ళది ఇక్కడి పాత ఊరి కుటుంబం. ఇప్పుడు వాళ్ళ కాలనీ ఉన్నచోట ఒకప్పుడు వాళ్ళ పొలం ఉండేదట. మాది ఎగువన, వాళ్ళది దిగువన. రెండు కాలనీలకీ మధ్య ఒక పొడుగాటి గోడ. మా ఇల్లు ఆ గోడ పక్కనే, వీధి చివర. మా డాబా మీద నిలబడితే వాళ్ళ డాబా మీద ఆరేసిన చీరలు కనిపించేవి. స్వరూప ఇంట్లో ఆమె భర్త, ఆమె తల్లి. నేనూ ఆవిడని అమ్మా అనే పిలిచేదాన్ని. నేను వెళ్ళినప్పుడల్లా సజ్జరొట్టె చేసి పెట్టేది. "మీ ఆంధ్రోళ్ళకు తొక్కు లేంది ముద్ద దిగది గద" అని వేళాకోళం చేస్తూనే గోంగూర పచ్చడి సీసా నా చేతిలో పెట్టేది. నన్ను ఆవిడ పరాయిదానిలా చూసిన రోజు ఒక్కటి కూడా లేదు.

నేను సముద్రం పక్క ఊళ్ళో పుట్టినదాన్ని. తుఫానంటే నాకు కొత్త కాదు. గాలి తగ్గగానే మా నాన్న సైకిలు తీసి, విరిగిపడ్డ కొమ్మల మధ్యనుంచి తోసుకుంటూ వెళ్ళి, స్నేహితులందరి ఇళ్ళూ తిరిగి పలకరించి వచ్చేవాడు. మన ఇంటి పైకప్పు సంగతి తర్వాత, ముందు వాళ్ళు ఎలా ఉన్నారో చూడాలి అనేవాడు. ఆ పలకరింపు విలువ తెలియక నేను తప్పు చేశానని చెప్పుకోవడానికి వీల్లేదు. తెలిసే చేశాను.

ఆ ఏడు తుఫాను మా ఊరి దగ్గరే తీరం దాటి, దారిలో నీరసించి, వానగా మారి హైదరాబాదు మీదికి వచ్చింది. ఎప్పుడూ నేను ఫోన్ చేసి క్షేమం అడిగే మా ఊరివాళ్ళు ఆ రోజు నాకు ఫోన్లు చేశారు. రెండు రోజులు ఆగకుండా కురిసింది. పైనున్న చెరువు అలుగు దాటింది. మా వీధిలోకి వచ్చిన నీళ్ళు పోవడానికి దారిలేక ఆ గోడకు ఆనుకుని నిలబడిపోయాయి. మధ్యాహ్నానికి వాన తెరిపిచ్చింది కానీ నీళ్ళు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. సెల్లార్లు మునిగాయి. కరెంటు లేదు. పక్క అపార్ట్‌మెంటులో కింది ఇంట్లో ఒక బాలింత ఉంది. తర్వాత చేసినదానికి సాకుగా అందరం ఆమె పేరే చెప్పుకున్నాం. ఆమెను పైఅంతస్తువాళ్ళు అప్పటికే తమ ఇంట్లోకి తీసుకెళ్ళారు. ఆ సంగతీ మాకు తెలుసు. నిజం చెప్పాలంటే నేను ఆలోచించింది మా వంటింటి గురించి. కొత్తగా చేయించుకున్న చెక్క అలమారాలు. గుమ్మం దాకా వచ్చిన నీళ్ళు ఇంకొక్క మెట్టు ఎక్కితే అవి ఉబ్బిపోతాయి. ఒక మనిషి ప్రాణానికీ నా అలమారాలకీ పోటీ పెడితే నేను దేన్ని ఎంచుకుంటాను? అప్పుడు ఎవరైనా ఇలా సూటిగా అడిగి ఉంటే ఎంత కోపం వచ్చేదో నాకు.

కాలనీ పెద్దమనుషులు మా వరండాలోనే చేరారు. గోడ పగలగొడితే నీళ్ళు దిగువకు పోతాయన్నారు. కాలనీలో ఇల్లు కట్టిస్తున్న బిల్డర్ పొక్లెయిన్ వీధి మొదట్లోనే ఉంది. అటువైపువాళ్ళు చూస్తే అడ్డుపడతారని వాళ్ళ భయం. మా ప్రెసిడెంటు గారు నా వైపు తిరిగి, "మేడమ్ గారూ, మీ ఫ్రెండు అటే ఉంటారు కదండీ. ఊరికే క్షేమం కనుక్కున్నట్టు ఒకసారి ఫోన్ చేయండి. అటు నీళ్ళెంత ఉన్నాయో, జనం బయట ఉన్నారో లేదో తెలుస్తుంది" అన్నారు.

చేయనని అనొచ్చు. అనలేదు. మా ఆయన నా వైపు చూసి తల తిప్పుకున్నాడు. నేను ఫోను తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళాను. ఎందుకు లోపలికి వెళ్ళానో ఇప్పుడు తెలుస్తోంది. ఏం మాట్లాడతానో నాకు ముందే తెలుసన్నమాట.

"స్వరూపా, ఎలా ఉన్నారమ్మా అందరూ?" అన్నాను.

"మంచిగనే ఉన్నమక్కా. మా గల్లీల నీళ్ళు మడిమల దాంక గూడ లెవ్వు. అందరం ఇంట్లనే ఉన్నం. మీకే నీళ్ళొచ్చినయంట గద, ఎట్లున్నరు? పరేషాన్ అయితున్న మీ గురించి."

"ఏదో ఉన్నాం. అమ్మ ఎలా ఉంది?"

"కింది రూంలనే పండుకున్నది. పైకి తీస్కపోదామా అని నేను, ఎందుకని మా ఆయన. వాన తగ్గిందంటుండు. నువ్వేమంటవక్కా? నువ్వు జెప్తే గట్లనే చేస్త."

నన్నే అడిగింది. ఆ ఒక్క క్షణంలో దేవుడు తలుపు బార్లా తెరిచి పెట్టినట్టే. తీసుకెళ్ళు స్వరూపా, ఇప్పుడే తీసుకెళ్ళు అంటే సరిపోయేది. ఎందుకని అడిగితే ఏదో ఒకటి చెప్పొచ్చు. కానీ అనుమానం వస్తుందేమో, భర్తకు చెబుతుందేమో, వాళ్ళ గల్లీ మగవాళ్ళంతా వచ్చి గోడ దగ్గర నిలబడతారేమో అని లెక్కలు వేసుకున్నాను. అంత కంగారులోనూ నా బుర్ర అంత చురుగ్గా పనిచేసింది.

"ఎందుకులే స్వరూపా, వాన తగ్గిందిగా. ఆ తడి మెట్ల మీద పెద్దావిణ్ణి ఎక్కించడం రిస్కు. పడుకోనీ," అన్నాను.

"సరే అక్కా. నువ్వు పైలం," అని నాకే జాగ్రత్త చెప్పింది.

బయటికి వచ్చి, అటు నీళ్ళు లేవు, అందరూ ఇళ్ళల్లోనే ఉన్నారు అని చెప్పాను. అంతే. కాసేపటికి పొక్లెయిన్ వచ్చింది. వరండాలో నిలబడి చూశాను. దాని తొట్టి గోడకు తగిలిన ప్రతిసారీ నా కాళ్ళ కింద నేల అదిరింది. తర్వాత లారీలోంచి బండరాళ్ళు ఒక్కసారిగా గుమ్మరించినట్టు చప్పుడు. మా గుమ్మం ముందు నీళ్ళు కళ్ళముందే తగ్గిపోతుంటే మా వీధిలోవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను కొట్టానా? గుర్తులేదు. కొట్టలేదని అనుకోవడం నాకు ఇష్టం.

అవతల ఏం జరిగిందో తర్వాత విన్నాను. నీళ్ళు ఒక్కసారిగా వాళ్ళ ఇంట్లోకి దూకాయి. మంచం తేలింది. స్వరూప, ఆమె భర్త కలిసి అమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నడుము లోతు నీళ్ళల్లోంచి మెట్లెక్కించబోయారు. భర్త కాలు జారింది. అమ్మ కింద పడింది. తుంటి ఎముక విరిగింది. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ లేచి నడవలేదు.

తడి మెట్లు రిస్కు అని చెప్పింది నేనే కదా. నా అబద్ధాన్ని ఎవరో మాట పొల్లుపోకుండా నిజం చేసి నా చేతిలో పెట్టారు.

గోడ నీళ్ళ బరువుకు కూలిపోయిందని మా కాలనీ అంతా ఒకే మాట మీద నిలబడింది. తలుపులు మూసుకుని ఇళ్ళల్లో ఉన్న అటువైపువాళ్ళు నమ్మారు. పాత గోడ, పెద్ద వాన, నమ్మకపోవడానికి ఏముంది? నేను మాత్రం మర్నాడే ఫ్లాస్కులో కాఫీ, డబ్బాలో పెరుగన్నం, నాలుగు పొడి చీరలు సర్దుకుని దవాఖానాకు వెళ్ళాను. స్వరూప నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. పక్క మంచాల వాళ్ళందరికీ నన్ను చూపించి, "గా దినం ఫస్టు ఫోన్ జేసింది మా అక్కనే. తన ఇంట్ల నీళ్ళొస్తున్నా మా గురించి అడిగింది" అని చెప్పింది. నేను ఏమన్నానో తెలుసా? "దానిదేముందిలే" అన్నాను. ఎంత వినయమో చూడండి.

తల్లిని చూసుకోవడానికి స్వరూప ఉద్యోగం మానేసింది. బస్సులో నా పక్క సీటు ఖాళీ అయింది. ఆమె భర్త మునుపు గలగలా మాట్లాడే మనిషి. పైకి తీసుకెళ్ళొద్దన్నదీ తనే, కాలు జారిందీ తనదే అని లోలోపల కుమిలిపోతూ, అత్తగారి గదిలోకి తలెత్తకుండా వెళ్ళి తలెత్తకుండా వచ్చేవాడు. నేను వారం వారం వెళ్ళి పళ్ళు ఇచ్చి వచ్చేదాన్ని. స్నేహమా, భయమా, ప్రాయశ్చిత్తమా? ఏదీ కాదేమో. ఎవరికీ అనుమానం రాలేదని ప్రతి వారం ఖాయం చేసుకోవడానికి వెళ్ళేదాన్నేమో.

ఇంతవరకూ చెప్పడమే కష్టమనుకున్నాను. అసలు కష్టమైనది ఇంకా చెప్పలేదు.

ఒకరోజు సాయంత్రం స్వరూప మందులకని బయటికి వెళ్ళింది. అమ్మ దగ్గర నేనొక్కదాన్నే ఉన్నాను. నాదర్‌గుల్ పైలట్ శిక్షణ మైదానం నుంచి లేచిన చిన్న విమానం ఏదో ఇంటి మీదుగా పోయింది. ఆ చప్పుడు దూరమయ్యేదాకా ఆగి ఆవిడ నెమ్మదిగా అంది.

"బిడ్డా, నిన్నొకటి అడుగుత. గా దినం గోడ కూలకముందు నాకు పొక్లెయిన్ సప్పుడు ఇనొచ్చింది. ఇంట్ల చెప్తే ఎవ్వలు నమ్ముతలేరు. ముసల్దానివి, చెవులల్ల ఏదో మోగింది అంటున్నరు. నువ్వు గోడ పక్కనే ఉంటివి గద. నీకు ఇనొచ్చిందా?"

ఆవిడ కళ్ళల్లో అనుమానం లేదు. నన్ను పరీక్షించడానికి అడగలేదు. సాక్ష్యం కావాలని అడిగింది.

"లేదమ్మా. ఉరుము అయ్యుంటుంది," అన్నాను.

"గట్లనా. నువ్వంటే నిజమే గావచ్చు తియ్," అంది.

మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. కానీ ఆ తర్వాత నుంచి ప్రతిదీ రెండుసార్లు అడగడం మొదలుపెట్టింది. గేటు చప్పుడు నిజంగనే అయిందా? ఎవరో పిలిచిండ్రా, నాకే అనిపించిందా? వయసు మీదపడి అలా అవుతోందని స్వరూప బాధపడేది. వయసు కాదు. నేను. నన్ను నమ్మి ఆవిడ తన చెవుల్ని నమ్మడం మానేసింది. ఫోను సంగతి కంగారులో, స్వార్థంలో చేశానని ఎవరితోనైనా వాదించగలను. మంచంలో ఉన్న మనిషికి మిగిలిన ఆ కాస్తా ఎందుకు లాక్కున్నాను? అప్పుడు నీళ్ళు లేవు, పెద్దమనుషులు లేరు, తొందర లేదు. నేనూ ఆవిడా, ఒక గది. అంతే.

పోయిన ఎండాకాలం అమ్మ పోయింది. పదకొండో రోజున స్వరూప తన బంధువులకు నన్ను పరిచయం చేస్తూ ఆ ఫోను కథ మళ్ళీ చెప్పింది. నేను తల వంచుకున్నాను. దుఃఖమనుకున్నారు. దుఃఖమే. ఇప్పుడు ఆకాశం మబ్బు పట్టిందంటే స్వరూపే ముందు నాకు ఫోన్ చేస్తుంది. "అక్కా, మీ దిక్కు ఎట్లుంది?" అంటుంది. బాగానే ఉన్నామంటాను.

ఆమెకు ఎందుకు చెప్పలేదని మీరు అడుగుతారు. ఆ పాడు రోజులో ఆమెకు మిగిలిన ఒక్క మంచి జ్ఞాపకం నా ఫోను, అది కూడా ఎందుకు చెరపాలి అని కొన్నాళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. వినడానికి ఎంత బాగుందో. మరి ఆమె భర్త? తన కాలు జారడమే అన్నింటికీ మూలమని ఆ మనిషి ఇంకా అనుకుంటున్నాడు. నేను నోరు విప్పితే ఆయన బరువు కొంతైనా దిగుతుంది. అది తెలిసీ ఊరుకున్నాను. కాబట్టి స్వరూప మంచి కోసం దాచానన్నది అబద్ధం. ఆమె నన్ను అక్కా అనడం మానేస్తుందని దాచాను. రేపైనా చెబుతానా? చెబుతానని మీకు మాటివ్వలేను. నా మాట ఎలాంటిదో చూశారుగా.

క్షమించమని ఎవరినీ అడగడం లేదు. క్షమించగలిగిన మనిషి లేదు, ఉన్న మనిషిని అడిగే నోరు నాకు లేదు. ఆవిడ అడిగినదానికి మాత్రం సరైన జవాబు ఒకటి బాకీ ఉంది. గదిలో ఎవరూ లేరు. పైకే అంటున్నాను, అంటూనే రాస్తున్నాను.

వినిపించిందమ్మా. అది ఉరుము కాదు, పొక్లెయినే. నీ చెవులు మంచిగానే ఉన్నాయి.

ఈ మాట అన్నాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. వినాల్సిన మనిషి మాత్రం లేదు.