గంటకీ గంటకీ మధ్య

నీటి సరఫరా ఆఫీసులో ఆమెను ససేమిరా అంటారు. హాజరు పట్టీలో వేరే పేరు ఉంది కానీ, ఆ పేరుతో పిలిస్తే ఇంకెవరినో అనుకుని ఆమే తల తిప్పి చూస్తుంది. చేరిన కొత్తలో ఎవరో వేసిన లెక్కల కింద సంతకం పెట్టమంటే, చూడకుండా పెట్టనన్నదట. ఆ తర్వాత గదిలో అందరూ కుర్చీలు మార్చుకుంటుంటే తన కుర్చీ వదలనన్నదట. మొదటిది నిజమే, రెండోది కట్టుకథ అంటుందామె. కుర్చీ కాదు, కిటికీ. మూయమన్నారు, మూయనన్నాను. అంతే జరిగింది.

ఆ కిటికీలోంచి చూస్తే ఊరు పల్లంలోంచి మెరకకి మెట్లు మెట్లుగా పోతుంది. అన్నిటికన్నా పైన ఉన్న వీధి ఆమెది. ఆ వీధి దాకా నీళ్లు ఎక్కడం మోకాళ్ల నొప్పులున్న మనిషి ఎక్కినట్టే ఉంటుంది. సగం దూరం వచ్చి, ఆయాసపడి, వెనక్కి తిరిగిపోతాయి. ఏ రోజు, ఏ పూట పైకి వస్తాయో ఎవరూ చెప్పలేరు. కుళాయి ఎప్పుడో ఒకసారి దగ్గుతుంది. ఆ దగ్గు వినిపించగానే వాళ్లత్తయ్య ఏ పనిలో ఉన్నా లేస్తుంది. ముందు బిందెలు, తర్వాత గిన్నెలు, ఆ తర్వాత చెంబులు, గ్లాసులు, చివరికి మూతలు కూడా నింపుతుంది. "తిరగేస్తే మూత కూడా గిన్నే" అన్నది ఆవిడ సిద్ధాంతం.

కొడుకు లారీ మీద నెలలో సగం రోజులు రోడ్డునే ఉంటాడు. కోడలు పొద్దున ఆఫీసుకి పోతుంది. అత్తయ్య మోకాళ్లు చెప్పిన మాట వినడం ఎప్పుడో మానేశాయి. బరువులెత్తితే నా దగ్గరికి రావద్దని డాక్టరు కోప్పడ్డాడు. పల్లంలోని వీధి కుళాయి నుంచి మోసుకురావడం ఇక కుదరదు. మెరక వీధికి సొంతంగా ఒక పంపు పెట్టమని అక్కడివాళ్లు రెండుసార్లు అర్జీ ఇచ్చారు. రెండుసార్లూ "ప్రెజర్ సరిపోతోంది" అని తిరిగొచ్చింది. ఇప్పుడు మూడోసారి కమిటీ ముందుకి వస్తోంది. మూడోసారీ కాదంటే మళ్లీ అడగటానికి వీల్లేదని రూలు. అప్పుడు ఇల్లు ఖాళీ చేసి కిందికి దిగడమే. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అత్తయ్య మాత్రం ఒకరోజు గోడకి కొత్తగా మేకు కొట్టి, పటం తగిలించి, "ఇది ఊడదు" అంది. కోడలికి అర్థమైంది.

కమిటీకి చూపించాల్సిన లెక్క ససేమిరా పనే కావడం దేవుడి వేళాకోళం. ఊళ్లో పైపుల మీద అక్కడక్కడా మీటర్లున్నాయి. ఆరు నిమిషాలకోసారి ఒక్కో మీటరు తన ప్రెజర్ ఎంతో పంపుతుంది. అదంతా ఒక ఫైల్లో లైను కింద లైనుగా చేరుతుంది. ఆ ఫైలు చదివి, ఏ వీధికి నీళ్లు ఎంత బలంగా వెళ్తున్నాయో తేల్చే స్క్రిప్టు, అంటే చిన్న కంప్యూటర్ ప్రోగ్రాం, ఆమె రాసుకున్నదే. నెల ఫైలుకి ఏ గొడవా లేకుండా నడిచేది. ఈసారి ఏడాది మొత్తం కావాలన్నారు. ఫైలు అందించగానే కంప్యూటర్ ఒక్క మూలుగు మూలిగి, మౌస్ బాణంతో సహా బిగుసుకుపోయింది.

మిషన్లు చూసేవాడిని ఆఫీసంతా ప్లగ్గన్న అంటారు. ఏ జబ్బు చెప్పినా అతని మొదటి మందు ప్లగ్గు పీకి మళ్లీ పెట్టడం. అతనొచ్చి ప్లగ్గు పీకి పెట్టాడు. మళ్లీ అదే మూలుగు.

"నీ స్క్రిప్టుకి ఆకలెక్కువమ్మాయ్. ఉన్న మెమరీ అంతా మింగేసి ఇంకా పెట్టమంటోంది."

కొత్త మెమరీ పెట్టించమని ఆమె అడిగింది. అర్జీ పెడితే వచ్చే ఏడాదికి రావచ్చన్నాడు. అప్పటికి కమిటీ అయిపోయి, ఆమె ఇల్లు కూడా మారిపోయి ఉంటుంది.

సంగతి పెద్ద ఇంజనీరు దాకా పోయింది. ఆయన చెడ్డమనిషి కాదు. గట్టిగా మాట్లాడడు, పని ఆగితే మాత్రం నిద్రపట్టదు. ఒక్కో మీటరుకి పది లైన్లకి ఒక లైను తీసుకుని మిగతావి వదిలేయమన్నాడు. ఫైలు పదోవంతు అవుతుంది, మిషనూ బతుకుతుంది.

"అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలదా అమ్మా?"

"ఒకే గిన్నెలో ఒకే మంట మీద ఉడికితే చాలు సార్. ఇది ఏ మంట మీద ఉందో మనకి తెలీదు కదా."

"అయితే ఏం చేస్తావు?"

"ఫైలు కొయ్యను. స్క్రిప్టునే దారికి తెస్తాను."

గదిలో ఎవరో ససేమిరా అని గొణిగారు. నవ్వులు. ఆమె వెనక్కి తిరగలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి కుళాయి దగ్గుతోంది. అత్తయ్య వరసగా అన్నీ నింపుతోంది. వంటగదిలో కాలుపెట్టే సందు లేదు. కోడలు గుమ్మంలోనే నిలబడిపోయింది, బిందెల మధ్య తను రాసిన స్క్రిప్టు కనిపించి.

అది చేసేదీ ఇదే. ఫైలు తెరవగానే మొదటి లైను నుంచి ఆఖరి లైను దాకా మొత్తం లోపలికి తోడుకుంటుంది. ఒక్కో లైనునీ ముక్కలు చేసి, ముక్కలన్నీ మళ్లీ వేరే గిన్నెల్లో పోస్తుంది. మీటరు ఏ కంపెనీదో, ఎప్పుడు బిగించారో, అక్కరలేనివి కూడా మూతల్లో నింపి దాస్తుంది. అన్నీ నిండాక గానీ లెక్క మొదలుపెట్టదు. ఎందుకలా రాసింది? కుళాయి ఎప్పుడు ఆగిపోతుందో తెలియని ఇంటి చెయ్యి కాబట్టి. పల్లంలో ఉండేవాళ్లయితే అలా రాసేవాళ్లు కాదేమో. దాహమైనప్పుడు కుళాయి తిప్పి ఒక గ్లాసు పట్టుకుంటారు, తాగుతారు, కట్టేస్తారు. ఫైలు ఎక్కడికీ పారిపోదు. ఎన్నిసార్లు తిప్పినా వస్తూనే ఉంటుంది. దాన్ని చూసి ఇంత భయపడటం దేనికి?

"ఏంటలా చూస్తున్నావు, ఆ చెంబు ఇటందుకో" అంది అత్తయ్య.

చెంబు అందించి, నవ్వుకుంది. ఎందుకో అడిగితే, మీ బుద్ధే నా స్క్రిప్టుకీ వచ్చిందత్తయ్యా అంది. అది మెచ్చుకోలో తిట్టో తేలక ఆవిడ కాసేపు మూతి ముడుచుకుంది.

మర్నాడు పొద్దున్నే కూర్చుని తిరగరాసింది. ఒక్క లైను చదవాలి. అందులో మీటరు గుర్తు, సమయం, ప్రెజర్, ఈ మూడే తీసుకోవాలి. ఆ మీటరు లెక్కలో కలపాలి. లైనుని వదిలేయాలి. తర్వాతి లైను. చేతిలో ఎప్పుడూ ఒకే లైను, పక్కన మీటర్ల పేర్లతో చిన్న పట్టిక. ఇంతే ఉండాలి.

అయినా మొదటిసారి, తెర మీద మెమరీ వాడకం చూపించే గీత మళ్లీ పైకి ఎగబాకింది. వెతికితే తన పాత బుద్ధే దొరికింది. చదివిన ప్రతి లైనునీ "ఎందుకైనా మంచిది" అని చివర ఒక జాబితాలో వేసుకుంటూ పోయింది. ముందు వాకిలి మూసి దొడ్డి వాకిలి తెరిచినట్టు. ఆ ఒక్క వాక్యం తీసేయడానికి వేలు రాలేదు. తర్వాత తీసేసింది.

ఈసారి గీత చాప పరిచినట్టు పడుకుంది. ఫైలు నడుస్తోంది, గీత లేవదు. ప్లగ్గన్న వచ్చి చూసి, మిషను చచ్చిపోయిందనుకుని గోడవైపు వంగాడు. ససేమిరా అతని మణికట్టు పట్టుకుంది.

"అన్నా, అది బతికే ఉంది. ఇన్నాళ్లకి తిండి తగ్గించింది."

అతను ప్లగ్గు మీంచి చెయ్యి తీశాడు గానీ, నమ్మకం కుదరక ఫైలు అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు.

లెక్క వచ్చింది. మెరక వీధి మొదట్లో, ఎత్తు మొదలయ్యే చోట ఉన్న మీటరులో ప్రెజర్ ఏడాదిలో ఎక్కువ భాగం పడిపోయే ఉంది. సరిపోల్చడానికి, ఇంజనీరు చెప్పినట్టు పదింటికి ఒకటి తీసి కూడా నడిపించింది. అందులో అదే మీటరు ఏడాది పొడుగునా బ్రహ్మాండంగా ఉంది. ఒకే ఫైలు, ఒకే మీటరు, రెండు ఊళ్ల కథలు.

ముందు తన మీదే అనుమానపడింది. తన వీధి కాబట్టి తన కళ్లకి అలా కనబడుతోందా అనుకుంది. స్క్రిప్టుని మొదటినుంచి మళ్లీ చదివింది. తప్పు దొరకలేదు. అప్పుడు గంటని పది ముక్కలు చేసి, ఏ ముక్కలో ప్రెజర్ ఎంతో విడివిడిగా కూడమంది. పది చిన్న గళ్లు, మెమరీకి అదేం బరువు కాదు. గంట కొట్టే వేళకి పడే గడి నిండుగా ఉంది. దాని పక్కది సగం. మిగతావన్నీ వట్టివి. పగలూ రాత్రీ, ఏడాదంతా అంతే.

నీళ్లకి గడియారం చూడటం రాదు. చూసే మనిషెవరో ఉన్నారు.

మధ్యాహ్నం భోజనం వేళ ఆ మనిషి దగ్గరికే నడిచి వెళ్లింది. పైపులు చీలే చోట ఇనుప గేటు వెనక చిన్న గది. అక్కడ వాల్వు తిప్పేవాళ్లలో పెద్దాయన్ని ఊరంతా బాబాయి అంటుంది. విషయం చెబితే ఆయన దాచలేదు. కంట్రోల్ రూమువాళ్లు గంటకోసారి బోర్డు చూస్తారు. మెరక వైపు ప్రెజర్ ముల్లు పడి ఉంటే ఫోను చేసి తిడతారు. అందుకని గంటకి కాస్త ముందు తిప్పుతాడు. ముల్లు లేస్తుంది. ఈలోగా పల్లం నుంచి నీళ్లు తగ్గాయని ఫోను. మళ్లీ కట్టేస్తాడు. రాత్రి డ్యూటీవాళ్లకీ ఆయనే నేర్పాడు. ఆ కాస్తసేపట్లో నీళ్లు మీటరు దాటుతాయి గానీ ఇళ్ల దాకా ఎక్కవు. కింద ఎవరూ వాడనప్పుడు మాత్రం ఎప్పుడో ఒకసారి పై కుళాయి దగ్గుతుంది.

"రెండు పక్కలా తిట్లేనమ్మా. గంటకోసారి ఒక పక్క తగ్గించుకుంటున్నాను."

కమిటీలో ఇది చెప్పక తప్పదని, ఆయన పేరు మాత్రం ఎత్తనని ఆమె అంది. బాబాయి చేతి మడ్డి గుడ్డకి తుడుచుకుని, తాపీగా అన్నాడు.

"వాల్వంటే నేనేనని ఊరందరికీ తెలుసు. నా పేరు దాచి ఎవరికి దాస్తావు? చెప్పు. తిప్పింది నేనేనని చెప్పు. ముల్లు లేపమని ఫోను చేసిందెవరో అది కూడా చెప్పు."

కమిటీ రోజున ఇంజనీరు పదింటికి ఒకటి లెక్కే పట్టుకొచ్చాడు. ఆమె ఏ లైనూ వదలని లెక్క ముందుంచింది. అధ్యక్షురాలు రెండూ చూసి కళ్లజోడు తీసింది. ఈ అమ్మాయి ఆ వీధిలోనే ఉంటుందని, అది కూడా గమనించాలని ఇంజనీరు మర్యాదగానే అన్నాడు.

"ఉంటున్నాను సార్. దాహం నాది. అంకెలు మీ మీటర్లవి."

ఏడాది ఫైలు ఈ ఆఫీసు మిషన్ల మీద నడవదన్నారు కదా, మరి ఇదెలా వచ్చిందని ఆయన అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఆమె లేచి, ఆ గదిలో మూలన బొమ్మలు చూపించడానికి ఉంచిన పాత కంప్యూటర్ మీద ఫైలు పెట్టి నడిపించింది. ఆఫీసులో దానికన్నా ముసలిది లేదు. అందరూ టీ తాగుతుండగా అది మూలగకుండా, బిగుసుకోకుండా, ఒక్కో లైనే చదువుకుంటూ చివరిదాకా వెళ్లింది. పది గళ్లు తెర మీదకొచ్చాయి. ఒకటి నిండు, ఒకటి సగం, ఎనిమిది ఖాళీ. ఆ పక్కనే బాబాయి చెప్పమన్నది, ఫోను సంగతితో సహా, ఉన్నదున్నట్టు చెప్పింది.

ఇంజనీరు కప్పు కింద పెట్టి, తనలో తను అనుకున్నట్టు అన్నాడు. "ఆరు నిమిషాలకోసారి. పదింటికి ఒకటంటే సరిగ్గా గంటకొకటి, అదీ గంట కొట్టినప్పటిది."

"మీరు చూస్తారని ఉడికించి పెట్టిన మెతుకునే ప్రతిసారీ పట్టుకున్నారు సార్."

ఆయన తన కాగితాలు తిరగేసి బోర్లా పెట్టాడు.

విషయం తీవ్రమైనదే కాబట్టి వచ్చే సమావేశంలో మళ్లీ చూద్దామని అధ్యక్షురాలు అంది. అందరూ తలలూపి కుర్చీలు వెనక్కి జరిపారు. ససేమిరా జరపలేదు.

"వాయిదా వద్దు మేడమ్. ఇప్పుడు గంట దాటి పావు అయింది. ఖాళీ గడిలో ఉన్నాం. అంకెలు నమ్మబుద్ధి కాకపోతే కుళాయినే అడుగుదాం, రండి."

ఎవరూ కదల్లేదు. ఆమె తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది. ఇలా నిలబడితే మూయదని ఆ ఆఫీసులో తెలియనివాళ్లు లేరు. చివరికి అధ్యక్షురాలే లేచింది. వెనక ఇంజనీరు, వెనక మిగతావాళ్లు. మెరక ఎక్కేసరికి అందరికీ ఆయాసమొచ్చింది, వట్టి చేతులతోనే.

అత్తయ్య గుమ్మంలో ఉంది. కోడలు కుళాయి తిప్పింది. కాస్త గాలి బుసకొట్టి ఊరుకుంది. అధ్యక్షురాలు తనే ఒకసారి తిప్పి చూసింది. కట్టేసింది. మళ్లీ తిప్పింది. అత్తయ్య లోపల్నుంచి ఒక కుర్చీ తెచ్చి కుళాయి పక్కన వేసి, దాని ముందు ఒక ఖాళీ బిందె పెట్టింది.

"కూర్చోండమ్మా. గంటయ్యేసరికి మీ బోర్డు మీదికి నీళ్లొస్తాయి. ఈ బిందెలోకి ఎప్పుడొస్తాయో చూసి, రాసుకుని మరీ వెళ్లండి."

అధ్యక్షురాలు ఇంజనీరు వైపు చూసి, పంపు అర్జీ కాగితం అడిగి తీసుకుంది. ఒళ్లో పెట్టుకుని, ఆ కుర్చీలో కూర్చుంది.