మా మామగారు వేసిన రంగు

మా మామగారిది సెలూన్. రెండు కుర్చీలు, గోడంతా అద్దం, మాటలకి మాత్రం లోటు లేని షాపు. ఆయన మనిషి ముఖం మరిచిపోతారేమో గానీ తల మరిచిపోరు. "నడినెత్తిన ఈ రెండు సుడులున్నాయే, ఇవి మీ నాన్నవి. మీ బాబాయికీ ఇంతే. దువ్వెనకి లొంగే వంశం కాదండీ మీది" అని కుర్చీలో కూర్చున్నవాడికి చెప్పేస్తారు. అరవైకి దగ్గరపడినా ఆయన జుట్టు కాకి నలుపు. నేను వెక్కిరిస్తే, "కుళ్లుకోకండి బాబూ, మీదే ముందు నెరుస్తుంది" అని నా నోరు మూయించేవారు.

రెండు వారాలకోసారి ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడ ఆ షాపుకి వెళ్లేది. షట్టర్ సగం దించి ఉండేది. తండ్రీకూతుళ్లు కబుర్లు చెప్పుకుంటున్నారు కాబోలు అనుకున్నాను. నేను ఎలక్ట్రీషియన్ని. గోడలో ఏ వైరు ఎటు పోతోందో ఇట్టే చెబుతాను గానీ, పెళ్లయి రెండేళ్లయినా ఇంట్లో సంగతి పట్టలేకపోయాను.

మాకు పాప పుట్టింది. నర్సు గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. ఒత్తుగా నల్లటి జుట్టు, నుదుటికి పైన సరిగ్గా మధ్యలో బొటనవేలంత తెల్ల కుచ్చు. ఏదో అంటుకుందనుకుని తుడిచాను. పోలేదు. మళ్లీ తుడిచాను. మంచం మీద మా ఆవిడ భోరుమంది.

"తుడవకండి, అది పోదు. నాకూ ఉంది. నాన్నకీ ఉంది. రంగేసి దాచాం" అంది.

ఇంతలో మామగారు సంచీతో వచ్చారు. పాపని చూసేసరికి ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. "బాబూ, మీరు వెళ్లి టీ తాగి రండి" అన్నారు. వెళ్లాను. ఫోన్ మరిచిపోయి సగం దారిలోంచి వెనక్కి వచ్చేసరికి, మంచం పక్కన చిన్న గిన్నెలో కలిపిన నల్లరంగు, ఆయన చేతిలో బ్రష్షు! మా ఆవిడ పాపని గుండెకి హత్తుకుని "వద్దు నాన్నా" అంటోంది.

"ఆగండి! పుట్టి పూట కాలేదు, దానికి రంగేస్తారా? మతి గానీ పోయిందా మీకు?" అని అరిచాను. వార్డు వార్డంతా తిరిగి చూసింది. డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చింది.

మామగారు స్టూలు మీద కూలబడ్డారు. "మా అమ్మకీ ఉండేదమ్మా. నాకు నూనెలో మసి కలిపి రాసేది. మా అమ్మాయికి ఐదో ఏట మొదలుపెట్టి ఇరవై ఏళ్లు రంగేశాను, ఒక్కసారీ తప్పలేదు. ఇన్నేళ్లు వేస్తే ఆ నలుపు ఒంటికి పట్టి, దీని కడుపున పుట్టేవాళ్లకైనా నల్లగా వస్తుందనుకున్నాను" అన్నారు.

డాక్టరమ్మ నవ్వలేదు. అందుకు ఆవిడకి ఇప్పటికీ దండం పెడతాను. ఆయన పక్కనే కూర్చుంది.

"తాతగారూ, మీరు వేసిన రంగు వెంట్రుక దగ్గరే ఆగిపోతుంది. ఈ ఒళ్లు ఎలా తయారవ్వాలో చెప్పేవి లోపల కణాల్లో ఉంటాయి, వాటినే జన్యువులంటాం. దాదాపు అన్నీ జంటలే. ఒకటి అమ్మిస్తుంది, ఒకటి నాన్నిస్తాడు. మీ కుటుంబంలో ఒకదాంట్లో చిన్న మార్పుంది. జంటలో ఒక్కటి అలా ఉన్నా చాలు, రంగునిచ్చే కణాలు నుదుటి దాకా చేరవు. అంతే. అంటుకునేది కాదు, పాపకి వచ్చిన ప్రమాదమూ లేదు. ప్రతి కాన్పుకీ బొమ్మా బొరుసే, రావచ్చు, రాకపోవచ్చు."

"అంటే నా నుంచే వచ్చింది. తప్పు నాదే కదమ్మా?"

"ఏది ఇవ్వాలో మీరు ఏరి ఇచ్చారా ఏంటి, తప్పవడానికి?"

డాక్టరమ్మ వెళ్లాక మామగారు నా వైపు తిరిగి చేతులు జోడించారు. "దాచమన్నది నేనే బాబూ. నన్ను ఎన్నయినా అనండి. దాన్నీ పిల్లనీ మాత్రం వదిలెయ్యకండి."

అప్పుడొచ్చింది నాకు అసలు కోపం. "జుట్టు తెల్లగా ఉందని పెళ్లాం బిడ్డల్ని వదిలేసే వెధవలా కనిపించానా మామయ్యా మీకు?" అన్నాను. అన్నానే గానీ, రెండేళ్లూ నాతో జోకులేస్తూ, లోపల ఈ భయంతో ఆ మనిషి ఎన్ని రాత్రులు నిద్రపోలేదో అనిపించింది. పాపని తీసి ఆయన ఒళ్లో పడుకోబెట్టాను. ఆయన వెక్కి వెక్కి ఏడ్చారు. మా ఆవిడ ఇంకా ఎక్కువ ఏడ్చింది. సరే, నేనూ ఏడ్చాననుకోండి.

మర్నాడు పొద్దున్నే మామగారు నన్ను షాపుకి రమ్మన్నారు. ఆయన కుర్చీలో ఆయనే కూర్చుని నా చేతికి మిషన్ ఇచ్చారు.

"మొత్తం తీసెయ్యండి."

"నాకు వైర్లు ఒలవడమే వచ్చు మామయ్యా."

"వైరే అనుకోండి. షాక్ మాత్రం కొట్టించకండి."

నెల తిరిగేసరికి జుట్టు మొలిచింది, నుదుటి పైన మధ్యలో మాత్రం తెల్లగా. మొన్న షాపులో ట్యూబులైటు మారుస్తున్నాను. పాత ఖాతాదారొకాయన అద్దంలో మామగారి తల చూసి ఆశ్చర్యపోయాడు.

"ఇదేంటండీ, ఎప్పుడూ లేంది?"

మామగారు దువ్వెన తీసి, ఆ తెల్ల కుచ్చుని శ్రద్ధగా పైకి దువ్వుకున్నారు.

"మా మనవరాలి పోలికండీ" అన్నారు.